మొహాల్లేని వీడియో

ముందే చెప్పేస్తున్నాను, నేను మంచి పనివాణ్ణి. వినయం చూపించుకోవడానికి ఇది రాయడం లేదు. కోయంబత్తూరు నుంచి మదురై దాకా పెళ్ళి వీడియో అంటే "దాసుని పిలవండి" అనే ఇళ్ళు బోలెడుండేవి. ఇప్పుడు మోకాళ్ళు మొరాయిస్తున్నాయి. కెమెరా భుజానికెత్తుకుని మండపమంతా తిరగడం నావల్ల కాక మానేశాను. మానేసినప్పటి నుంచీ ఈ పనిలోకి కొత్తగా దిగుతున్న పిల్లలు ఇంటికొచ్చి, ఏ కెమెరా కొనాలి, ఏ లెన్సు మంచిది అని ప్రాణం తీస్తున్నారు. అవి అమ్మేవాడు చెప్తాడు బాబూ. కొట్టువాడు చెప్పలేనివి కొన్ని ఉన్నాయి, అవే ఇక్కడ రాస్తాను.

నేను రెండు రకాల వీడియోలు తీశాను. ఒకటి పొట్ట కోసం: పెళ్ళిళ్ళు, చెవి కుట్టే వేడుకలు, గృహప్రవేశాలు. రెండోది నా కోసం. వెలుతురు ఎక్కడ పడుతుంది, ఎలా కదులుతుంది, మనం చెయ్యి తీసేసి దాని మానాన దాన్ని వదిలేస్తే ఏం చేస్తుంది, ఇవి చూడ్డం కోసం తీసినవి. పెద్ద ఊళ్ళలో దీన్ని వీడియో ఆర్ట్ అంటారని నాకు చాలా ఆలస్యంగా తెలిసింది. మా వీధిలో దీని పేరు "దాసుగాడి పైత్యం".

మా వీధి గురించి చెప్పాలి. కోయంబత్తూరులో పాత రేకుల ఇళ్ళ వరస అది. మా పెద్దలు ఎప్పుడో ఆంధ్రా వైపు నుంచి వచ్చారు. ఎందుకొచ్చారో, ఎవరు తెచ్చారో చెప్పేవాళ్ళు ఎవరూ మిగల్లేదు. మా నాన్న కార్పొరేషన్‌లో వీధులూడ్చే పని చేశాడు. ఇంట్లో తెలుగు, గడప దాటితే అరవం. బడిలో నేను చదివింది అరవమే. తెలుగు అక్షరాలు మా వీధి చర్చిలో పాటలు నేర్పే టీచరమ్మ దిద్దించింది. అందుకే రాస్తే ఇలా పుస్తకంలా రాస్తాను, నోరు తెరిస్తే వీధి భాషే వస్తుంది. "రాసే దాసు వేరే, అరిచే దాసు వేరే" అని మా ఆవిడ ఎస్తేరు ఎగతాళి చేస్తుంది.

ఇంత కాలం పని చేశాక నాకు మిగిలిన కోరిక ఒక్కటే ఉండేది. నా కోసం నేను తీసుకున్న వీడియో ఒక్కటైనా మా వీధివాళ్ళు కుర్చీల్లోంచి లేవకుండా చివరిదాకా చూడాలి. ఎవరో పెద్దమనుషులు మెచ్చుకుంటే చాలదు. మావాళ్ళే చూడాలి. ఆ కోరిక తీరడానికి నా వృత్తి జీవితం మొత్తం పట్టింది.

లైటు మోసేవాడు

పని నేర్చుకున్నది మదురైలో, సెల్లయ్య మాస్టర్ దగ్గర. మాట్టుతావణి బస్టాండు దగ్గర ఆయనకు చిన్న స్టూడియో ఉండేది. మొదట్లో నా చేతికి కెమెరా ఇవ్వలేదు. లైటు ఇచ్చాడు. ఆ రోజుల్లో పెళ్ళి వీడియో అంటే కెమెరావాడి వెనకే ఒకడు మండే పెద్ద లైటు పట్టుకుని నడవాలి. ఆ వేడికి పెళ్ళికూతురు మొహం మీద పౌడరు కరిగి కారేది, లైటు పట్టుకున్నవాడి చెయ్యి కమిలిపోయేది. పెళ్ళిలో అందరికీ మొహాలుంటాయి, లైటు మోసేవాడికి తప్ప. వాణ్ణి ఎవరూ భోజనానికి కూడా పిలవరు. ఇప్పటి పిల్లలకు ఆ బాధ లేదు, అదృష్టవంతులు. కానీ ఆ పని చేసినందువల్లే నాకు వెలుతురు అర్థమైంది.

ఒక పెళ్ళిలో పురోహితుడి ముందు నీళ్ళ చెంబు ఉంది. నా లైటు ఆ నీళ్ళ మీద పడి, పైన కట్టిన తెల్లటి పందిరి గుడ్డ మీద వెలుగు అలలు అలలుగా ఆడింది. ఎవరైనా నడిచినప్పుడల్లా చెంబు కదిలేది, పైన ఆట మారేది. నాకు ఒళ్ళు తెలియలేదు. లైటు కొంచెం కిందికి వంచి చెంబు మీదే పెట్టేశాను. సరిగ్గా అదే సమయానికి పెళ్ళికూతురి మేనమామ సీరు తట్టలు, అంటే తన కానుకల పళ్ళాలు, పట్టించుకుని మండపం ఎక్కాడు. తమిళనాడులో మేనమామ సీరంటే ఏమిటో తెలిసినవాళ్ళకు నేను విడమరిచి చెప్పక్కర్లేదు. తెలియనివాళ్ళకు ఒక్క మాట: తాళి కట్టే క్షణం తర్వాత అంతటి క్షణం అదే.

క్యాసెట్టు ఇచ్చిన వారం తిరక్కుండానే ఆ మేనమామ వ్యాను వేసుకుని స్టూడియోకి వచ్చాడు. మాట్టుతావణిలో కూరగాయల టోకు వ్యాపారి, వెంట బస్తాలు మోసేవాళ్ళు. మాస్టర్ మీద అరవంలో విరుచుకుపడ్డాడు. మధ్యలో భార్య వైపు తిరిగి తెలుగులో అన్నాడు: "సూడు, తట్ట తెలుస్తుండాది, అరటిపండు తెలుస్తుండాది, నేను మాత్రం యాడా లేను. నల్లగా ఏదో దూలం నిలబడినట్టు ఉండాది."

నేను ఆపుకోలేక ఫక్కున నవ్వేశాను.

"ఏమప్పా, నీకు తెలుగు తెలుసునా?" అన్నాడాయన. గొంతు ఒక్కసారిగా మెత్తబడింది. "మనోడివా? ఏ ఊరు? ఏ వీధి?"

ఊరు చెప్పాను, వీధి చెప్పాను. వీధి పేరు వినగానే ఆ మెత్తదనం ఎక్కడికి పోయిందో పోయింది. మళ్ళీ అరవంలోకి మారిపోయి, ఇకపై మా ఇంటి వేడుకలకు ఈ అబ్బాయిని పంపొద్దని మాస్టర్‌తో అన్నాడు. భాష ఒకటే అయితే మనుషులు ఒకటవుతారనుకునే వయసు నాది. ఆ భ్రమ ఆ పూటతో వదిలింది. కడుపు మండిపోయింది, దాచుకోను.

సెల్లయ్య మాస్టర్ మంచివాడని నేను అనను. పెళ్ళిళ్ళలో ముసలివాళ్ళను కూడా పక్కకి తోసేవాడు, ఎవరినీ గౌరవంగా పిలిచేవాడు కాదు. కానీ ఆ రోజు ఆయన ఆ వ్యాపారి మొహం మీదే అన్నాడు: "లైటు పట్టే చెయ్యి ఇతనిదే. ఈ చెయ్యి వద్దంటే నా కెమెరా కూడా రాదు." ఆ ఒక్క మాట కోసం ఆయన ఎన్ని తిట్లు తిట్టినా పడ్డాను.

వ్యాను వెళ్ళిపోయాక ఆ క్యాసెట్టు మళ్ళీ వేశాడు. పందిరి గుడ్డ మీద వెలుగు ఆడే ముక్కను వెనక్కి తిప్పి తిప్పి చూశాడు. "బాగుంది," అన్నాడు. "చాలా బాగుంది. కానీ ఇది వాళ్ళ కల్యాణం, నీ ఆట కాదు. ఆడుకోవాలంటే నీ కెమెరాతో, నీ పూట ఆడుకో." పిల్లలూ, నాకు తెలిసిన వృత్తి ధర్మమంతా ఆ మాటలోనే ఉంది. డబ్బిచ్చినవాడి మొహం చీకట్లో పెట్టకండి. మీ ఆట మానుకోకండి.

చెయ్యి తీసెయ్యడం

మాస్టర్ కొత్త కెమెరా కొన్నప్పుడు పాతది నాకు ఇచ్చేశాడు. దాంతో కోయంబత్తూరు తిరిగొచ్చి సొంతంగా పెళ్ళిళ్ళు పట్టడం మొదలుపెట్టాను. పెళ్ళిళ్ళు లేని ఆషాఢంలో, అంటే మా ఆడి మాసంలో, నా ఆట.

కెమెరాను టీవీకి కలిపి, ఆ టీవీకే గురిపెట్టాను. టీవీలో టీవీ, దానిలో ఇంకో టీవీ. కెమెరాను కొంచెం పక్కకు వంచితే అవన్నీ సుడి తిరుగుతూ లోపలికి పోయాయి. అగ్గిపుల్ల గీసి మధ్యలో పెడితే మంట పువ్వై, పువ్వు చక్రమై, అగ్గిపుల్ల ఆరిపోయాక కూడా చాలాసేపు తిరుగుతూనే ఉంది. నేను నేలమీద కూలబడి చూస్తూ ఉండిపోయాను. ఎస్తేరు వచ్చి, "టీవీ చెడిపోయిందా?" అంది.

మా పాప పుట్టాక దూలానికి చీర ఉయ్యాల కట్టాం. పాప నిద్ర లేచి అమ్మ ఒళ్ళోకి పోయిన సమయంలో కెమెరాను ఆ చీరలో పెట్టి, చీరను పురి తిప్పి తిప్పి వదిలేశాను. పురి విడుతుంటే ఇల్లు, గుమ్మం, ఎస్తేరు, పొయ్యి, గుమ్మం అన్నీ తిరిగాయి. మొదట వేగంగా, తర్వాత నెమ్మదిగా, ఆఖరికి కెమెరా ఆగిన చోట గుమ్మంలో ఒక కోడి నిలబడి కెమెరా వైపే చూస్తోంది. ఆ కోడిని నేను పెట్టలేదు. నేను పెట్టి ఉంటే అంత బాగా కుదిరేది కాదు. ఆ రోజు నాకు నియమం దొరికింది. ఏర్పాటంతా జాగ్రత్తగా, పిచ్చి పట్టినంత జాగ్రత్తగా చెయ్యాలి. చేశాక చెయ్యి తీసెయ్యాలి. ఏర్పాటు సరిగ్గా లేనివాడికి అదృష్టం కూడా కలిసిరాదు, చెయ్యి తియ్యలేనివాడికి అదృష్టం కనిపించనే కనిపించదు.

ఎస్తేరు పుట్టిల్లు పెరియకుళం. అక్కడి మామిడి తోటలో కెమెరాను కొమ్మకు కట్టి గాలికి వదిలేశాను. సాయంత్రం మా మామగారికి చూపించాను. ఆయన చివరిదాకా ఓపిగ్గా చూసి, "బాగుండాది అల్లుడా. కోతి తీసిందా?" అన్నారు. నిజం చెప్తున్నాను, నాకు దక్కిన మొదటి మంచి విమర్శ అది. నా చెయ్యి కనిపించలేదన్నమాట.

"మొహాలు యాడరా?"

మా వీధిలో అన్నిటికీ తీర్పరి మంగమ్మత్త. మా నాన్నకు చెల్లెలు. చర్చిలో కానీ, అమ్మవారి గుళ్ళో కానీ ఆమె కుర్చీ మొదటి వరసలో ఉండాల్సిందే. ఆమె భర్త చిన్నప్పన్ మామ ఎంత నెమ్మదస్తుడో ఆమె అంత గడుసు. వాళ్ళిద్దరి పోట్లాట వీధికి రేడియో. వానాకాలంలో ఆ రేడియోలో ఒకటే కార్యక్రమం: పైకప్పు రేకులో చిల్లు. వాళ్ళింట్లో నడికప్పు దగ్గర, అన్నిటికంటే ఎత్తులో ఒక మేకు ఊడిన చిల్లు ఉండేది. వాన పడితే సరిగ్గా అత్త పడుకునే చోట కారేది.

"తారు పూస్తానంటివి కదయ్యా! పోయిన వానకీ ఇదే చెప్తివి!"

"రేపు పూస్తాను మంగా. నిచ్చెన దొరకలేదు."

"నిచ్చెన లేదు, తారు లేదు, రోషమూ లేదు!"

ఇది వినీ వినీ మా అందరికీ కంఠతా వచ్చేసింది. మామ పోయేదాకా ఆ రేపు రాలేదు. మామ పోయాక ఆ చిల్లు గురించి అత్త ఇంకెవరికీ చెప్పలేదు. ఎవరైనా పూస్తామని వస్తే, "నీ పని నువ్వు చూసుకోప్పా" అని తరిమేసేది.

అమ్మవారి పండక్కి వీధిలో తెల్ల గుడ్డ కట్టి సినిమా వేసేవాళ్ళు. నేను పేరు తెచ్చుకున్నాక ఒక ఏడు, సినిమాకు ముందు నా వీడియో వేస్తానని అడిగి ఒప్పించాను. సుడి తిరిగే వెలుగూ, ఉయ్యాలా, మామిడాకుల మీద ఎండా, అన్నీ కలిపి శ్రద్ధగా కూర్చాను. కొత్త చొక్కా తొడుక్కుని వెళ్ళాను. మొదలైన కాసేపటికే గుసగుసలు. తర్వాత ఈలలు. మంగమ్మత్త లేచి నిలబడి గుడ్డ వైపు చెయ్యి చూపించి అరిచింది: "మొహాలు యాడరా దాసూ? మనిషే లేకుండా ఏమిటికిరా ఇది? కరెంటు సరిగ్గా లేదా?"

"కరెంటు బాగానే ఉండాది అత్తా. ఇది వెలుగు, సుమ్మా చూడు, ఊరికే అట్ల చూడు..."

"సుమ్మా చూసేదానికి ఇంట్లో గోడ లేదా నాకు?"

వీధి వీధంతా గొల్లుమంది. అత్త కుర్చీ ఎత్తుకుని వెళ్ళిపోయింది. ఆమె వెనకే ఒక్కొక్కరూ లేచారు. సినిమా మొదలైతే మళ్ళీ వస్తామన్నారు. నేనూ ఎస్తేరూ మిగిలాం. నాకు ఏడుపొచ్చింది, ఏడ్చాను కూడా.

కానీ ఇన్నేళ్ళ తర్వాత ఆలోచిస్తే అత్త మాటలో తప్పు కనిపించదు. మా వీధివాళ్ళకు ఫొటో అంటే అపురూపం. మా తాతకు ఒక్క ఫొటో కూడా లేదు, ఎలా ఉండేవాడో ఎవరికీ తెలియదు. వాళ్ళ మొహాలు ఎవరూ తియ్యలేదు. తమలోనే ఒకడికి కెమెరా దొరికితే వాడు మనుషుల్ని వదిలేసి మామిడాకులు తీసుకొచ్చాడు. కోపం రాదా? ఈ పని చేసేవాళ్ళెవరైనా తెరమీద ఏముందో చూసుకుంటే చాలదు, కుర్చీలో ఎవరున్నారో కూడా చూసుకోవాలి.

ఒట్టన్‌చత్రంలో గుండ్రటి ఎండ

ఒకసారి ఒట్టన్‌చత్రం దగ్గర పల్లెలో పెళ్ళి ముగించుకుని పొద్దున బస్సు కోసం అక్కడి కూరగాయల మార్కెట్లో కూర్చున్నాను. పైన చిరిగిన టార్పాలిన్. కింద టమాటా గుట్టల మీద ఎండ చుక్కలు చుక్కలుగా పడుతోంది. పైకి చూస్తే చిల్లులు ఒకటి పలకగా, ఒకటి చీలికగా, ఒకటి ఎలుక కొరికినట్టు ఉన్నాయి. కింద చుక్కలన్నీ మాత్రం గుండ్రంగానే ఉన్నాయి. ఇదేం వింత అని బస్సు వదులుకుని మరీ తీశాను. బస్తాలు దించే ఒకాయన, "ఏమి సార్, టమాటాకు కల్యాణమా?" అని అడిగాడు.

తర్వాత ఒక పెళ్ళిలో పక్కన కూర్చుని భోంచేస్తున్న సైన్సు టీచరుగారు నాకు అసలు సంగతి చెప్పారు. చిల్లు చిన్నదైతే దాని ఆకారంతో పనిలేదట. కింద పడేది సూర్యుడి బొమ్మేనట. చిల్లు ఎంత ఎత్తులో ఉంటే బొమ్మ అంత పెద్దదిగా పడుతుందట. చేతిలో అప్పడం అలాగే ఉండిపోయింది. అంటే పుట్టినప్పటి నుంచీ మా రేకుల ఇంట్లో నేల మీద నేను పట్టుకోబోయిన ఎండ చుక్కలన్నీ సూర్యుడి ఫొటోలే. మా తాతకు ఫొటో లేదు కానీ తాత ఇంటి నేల మీద రోజూ ఫొటోలు పడ్డాయి. ఆ మాట నాలో ఉండిపోయింది.

గ్రహణం రోజు రోకళ్ళు

నేను పని మానేసే ముందు రోజుల్లోనే మా వీధికి కబురొచ్చింది. రేకుల ఇళ్ళు కూల్చి అక్కడే మేడ ఇళ్ళు కట్టిస్తారట. ఆ మధ్యలోనే సూర్యగ్రహణం వచ్చింది. మామూలు గ్రహణం కాదు, కోయంబత్తూరులో సూర్యుడు ఉంగరంలా కనిపిస్తాడన్నారు.

మా వీధిలో గ్రహణమంటే తలుపులు మూసుకుంటారు. పొయ్యి వెలగదు. విడిచేదాకా ఎవరూ గడప దాటరు, ఇంట్లో పడే ఎండ వైపు కూడా చూడరు. ఇత్తడి తట్టలో పసుపు నీళ్ళు పోసి అందులో రోకలి నిలబెడతారు. గ్రహణం ఉన్నంతసేపూ అది నిలబడుతుంది, విడవగానే పడిపోతుంది. గుడికి పోయేవాళ్ళే కాదు, చర్చికి పోయేవాళ్ళూ నిలబెడతారు. మా పాస్టరుగారికి ఆ సంగతి తెలుసు, అందుకే ఆ రోజు వీధిలోకి రారు.

నాకు ఆ రోకలి కావాలి. నీళ్ళలో ఒంటరిగా నిలబడిన రోకలి, దాని నీడ నెమ్మదిగా తిరగడం, ఆఖర్న పడిపోవడం. అన్ని ఇళ్ళలో ఒకేసారి తియ్యాలి. ఎవరూ గడప దాటరు కాబట్టి నా చెయ్యి తగిలే అవకాశమే లేదు. ఇంతకంటే మంచి ఏర్పాటు జన్మలో దొరకదనుకున్నాను. అమ్మకుండా దాచుకున్న పాత చిన్న కెమెరాలన్నీ బయటికి తీశాను. తెల్లవారుతూనే ఇల్లిల్లూ తిరిగి, రోకలి ఎక్కడ నిలబెడతారో అడిగి, ఎండ బాగా పడే చోటు చూసి తట్ట పెట్టించి, ఎదురుగా స్టూలు మీద కెమెరా బిగించి వచ్చాను.

మంగమ్మత్త, "రోకలికి ఫొటోనా? మొహాలు వద్దు, ఇప్పుడు రోకలా?" అంది. అంటూనే, మామ పూయని ఆ చిల్లు కిందే తట్ట పెట్టనిచ్చింది.

తలుపులు మూసుకున్నాయి. వీధి చప్పుడు లేకుండా అయిపోయింది. మా ఇంట్లో నేనూ ఎస్తేరూ అందరిలాగే గోడవైపు తిరిగి కూర్చున్నాం. మధ్యలో మబ్బు పట్టింది, విడిచింది. గ్రహణం విడిచాక అందరూ స్నానాలు చేసి తలుపులు తీశాక ఆత్రంగా పరిగెత్తి కెమెరాలు తెచ్చి, వాటి చిన్న తెరల్లోనే గబగబా ముందుకు తిప్పి చూశాను.

ఒక్కదాంట్లోనూ రోకలి లేదు. ఉత్త నేల. ఏ కెమెరా చూసినా ఉత్త నేలే. కొంచెంసేపు మాత్రం తట్ట ఉంటుంది, తర్వాత గాజుల చెయ్యి ఒకటి వచ్చి తట్టను లాక్కుపోతుంది. అంతే.

మంగమ్మత్త ఇంటికి వెళ్ళి గొంతు చించుకున్నాను. "ఏమత్తా, తట్ట ఏమిటికి జరిపితివి?"

"జరపక? గెరణం ఎండ నీళ్ళ మింద పడొచ్చునా? రోకలి మింద పడొచ్చునా?" అత్తకూ కోపం వచ్చింది. "నువ్వేమో సరిగ్గా చిల్లు కింద పెట్టి పోతివి. తలుపు మూసినాక చూస్తే ఎండ వచ్చి తట్టలోనే పడుతుండాది. మూలకి జరిపినా. బుద్ధి ఉండేవాళ్ళు ఎవురైనా జరుపుతారు."

బుద్ధి అందరికీ ఉంది. ఏ ఇంటికి ఆ ఇంట్లో, ఎవరూ ఎవరికీ చెప్పకుండానే, ఆడవాళ్ళంతా అదే పని చేశారు. ఎండ కోసం నేను ఏరికోరి పెట్టిన చోటు నుంచి, ఎండ పడుతుందనే తట్ట తీసేశారు. ఈ వీధిలో పుట్టి పెరిగినవాణ్ణి, నాకు ముందే తట్టాల్సింది. విసుగొచ్చి ఆ కెమెరాల మెమరీ కార్డులన్నీ బీరువాలో పడేశాను.

నెల తర్వాత ఇళ్ళు కూల్చే తేదీ చెప్పారు. సామాను సర్దుతుంటే ఎస్తేరు ఆ కార్డులు తీసి, "ఇవి పారెయ్యాలా?" అని అడిగింది. పారేసేముందు ఒకసారి చూద్దామని ఒకటి పెట్టాను. ఉత్త నేల. మట్టి అలికిన నేల మీద గుండ్రటి ఎండ చుక్కలు. తియ్యబోతూ ఆగాను. చుక్కలు ఒక పక్క కొరికినట్టయ్యాయి. కొడవళ్ళలా సన్నబడ్డాయి. సన్నబడి సన్నబడి, రెండు కొనలూ కలిశాయి. నేల నిండా ఉంగరాలు. ఎవరో గాజుల మలారం తెచ్చి మా నేల మీద దొర్లించినట్టు. మబ్బు వచ్చి అన్నీ ఒక్కసారిగా ఆరిపోయాయి. మళ్ళీ అన్నీ ఒక్కసారిగా వెలిగాయి.

ఎస్తేరు చేతిలో సర్దుతున్న గిన్నె అలాగే ఉంది. "దేవుడా," అంది.  రోకలి కావాలని పట్టుబట్టిన నా చేతిని మా వీధి ఆడవాళ్ళే పక్కకి తోసేశారు. జీవితంలో నేను తీసిన గొప్ప వీడియో అది. గర్వంగానే రాస్తున్నాను: అంత మంచిది ఈ దేశంలో ఎంతమంది తీసి ఉంటారో నాకు తెలియదు.

కొత్త గోడ

ఆ వీడియోను కోయంబత్తూరులో బొమ్మలు చూపించే ఒక హాల్లో వేశారు. కళ్ళద్దాలవాళ్ళు చేతులు కట్టుకుని నిలబడి చూశారు. ఇది కాలం గురించా, మరణం గురించా అని అడిగారు. రేకు చిల్లుల గురించి అని చెప్పాను. మర్యాదగా నవ్వారు. సంతోషం కలగలేదంటే అబద్ధం. కానీ నేను కోరుకున్న కుర్చీలు అవి కావు.

మేడ ఇళ్ళు లేచాయి. పైన కాంక్రీటు, ఎక్కడా చిల్లు లేదు. వాన కారదు, నేల మీద ఎండ చుక్కా పడదు. మళ్ళీ అమ్మవారి పండగ వచ్చింది. కొత్త మేడకు తెల్ల సున్నం వేసిన పెద్ద గోడ ఉంది. పొద్దు గూకగానే దాని మీద నా వీడియో వేస్తానని చెప్పాను. వీధి కుర్చీలు తెచ్చుకుంది. మొదటి వరసలో మంగమ్మత్త. ఎస్తేరు నా పక్కన నిలబడి నా చెయ్యి పట్టుకుంది. 

గోడ మీద మొదటి నేల వచ్చింది. చుక్కలు.

"మళ్ళా అదేనా దాసూ?" వెనక నుంచి ఎవరో అన్నారు. నవ్వులు. ఒకరిద్దరు కుర్చీలు కదిపారు. 

అప్పుడు మా ఎదురింటి సెల్వి గట్టిగా అరిచింది: "ఏయ్, ఇరు ఇరు, ఆగండి! అది మా ఇల్లు!"

"నేల చూసి ఇల్లెట్ల తెలుస్తాదే నీకు?"

"నేల కాదే, ఆ చుక్క చూడు, గోడవార! ఆడ వాన కారతాది. నేను అన్నం వండే అండా పెట్టేది ఆడనే. దాని పక్కన చెంబు. ఈ పక్క రెండు చిల్లులకు కలిపి పిల్లల స్నానం బకెట్టు!"

 తర్వాత వీధి మొత్తం కుర్చీల్లో ముందుకు వంగింది. ఏ చిల్లు కింద ఏ గిన్నె పెట్టేవాళ్ళో మా ఆడవాళ్ళకు ఒంట్లో ఉన్న విషయం. ఎన్ని వానాకాలాలు చీకట్లో తడుముకుని పెట్టారో. గోడ మీద ఇల్లు మారిన ప్రతిసారీ ఒకరు లేచి అరిచారు. "మాది! మాది! అదుగో పొయ్యి మింద కారేది!" "అది మా అమ్మ ఇల్లు, ఆ వరస చిల్లులు మా నాయన కొట్టినవి, మిల్లు రేకు తెచ్చి వంకరగా కొట్టినాడు!" ఉంగరాలు కుదిరినప్పుడు వీధి మొత్తం "అబ్బా" అంది. మబ్బు వచ్చి ఆరిపోతే "అయ్యో" అంది. ఒక్క మొహం కూడా లేని వీడియోలో మావాళ్ళు తమనందరినీ గుర్తుపట్టారు. నా కళ్ళు మసకబారిపోయాయి, ప్రొజెక్టరు కూడా సరిగ్గా కనిపించలేదు.

ఆఖరి ఇల్లు వచ్చింది. ఆ నేల మీద చుక్క ఒక్కటే. అన్నిటికంటే ఎత్తు నుంచి పడింది కాబట్టి అన్నిటికంటే పెద్దది. ఎవరిదో చెప్పక్కర్లేదు. ఎవరూ అరవలేదు. చుక్క కొడవలైంది, కొడవలి ఉంగరమైంది.

మంగమ్మత్త లేచింది. అంతేలే, ఆనాటిలాగే కుర్చీ ఎత్తుకుని పోతుందనుకున్నాను. ఆమె కుర్చీ ముట్టుకోలేదు. నడుచుకుంటూ గోడ దగ్గరికి వెళ్ళింది. ఆమె నీడ గోడ మీద పడింది. అరచెయ్యి ఎత్తి ఆ ఉంగరానికి అడ్డం పెట్టింది. ఉంగరం ఆమె చేతిలో పడింది.

"రేపు పూస్తా, రేపు పూస్తా అంటా ఉండె," అంది, మాతో కాదు. "మంచిపని చేసినావయ్యా. పూయకపోతివి."

మబ్బు వచ్చి చేతిలో వెలుగు ఆరిపోయింది. అత్త చెయ్యి దించలేదు. వీధిలో ఎవరూ కదల్లేదు. మళ్ళీ ఉంగరం వచ్చి, సన్నబడి, కొడవలై, చుక్కయి, వీడియో అయిపోయేదాకా ఆమె అలాగే నిలబడింది. తర్వాత నా వైపు తిరిగి, మొదటి వరసలోంచి అరిచే ఆ పాత గొంతుతోనే అరిచింది.

"ఏమిరా దాసూ, నిలిపేస్తివి? ఇంకోతూరి వెయ్యి!"